నీ వంతు నాలుగు నిమిషాలు

నవ్వకు వదినా. నవ్వకు అంటున్నానా! ఇరవైకి ఆరు మార్కులొచ్చాయని మొత్తుకుంటుంటే నీకు నవ్వెలా వస్తోంది? ఫోన్లో చెబితే మీ తమ్ముడూ ఇలాగే నవ్వాడు. అక్కాతమ్ముళ్ళిద్దర్నీ ఒకే అచ్చులో పోశారు. ఎదుటివాళ్ళు జారి పడితే చాలు, మీకు పండగే.

ఇరవైకి ఆరు! నలభై ఎనిమిదేళ్ళ దాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, వార్డు ఆఫీసులో ఫారాల కిటికీ దగ్గర ఇరవై రెండేళ్ళుగా కూర్చున్నదాన్ని. నాకు ఆరు! పోనీ లెక్కల్లోనా, సైన్సులోనా? కాదు. మాట్లాడించడంలో! ఎదుటి మనిషి చేత నాలుగు మాటలు చెప్పించడంలో.

ఆ స్టూలు ఇలా జరుపు. వద్దులే, నేనే లాక్కుంటా. ఈ బట్టలు పక్కకి పెట్టనా? అబ్బో, ఎన్ని పేరుకుపోయాయో! ఇవన్నీ ఆ ఆసుపత్రి నర్సుల యూనిఫారాలేనా? సరే సరే, ముట్టుకోనులే. నీ షాపులో నీ రాజ్యం.

అసలు తప్పంతా నాదే. ఈ వయసులో ఆన్‌లైన్ పీజీ ఏమిటి, అదీ సామాజికాభివృద్ధిలో? మొదటి రోజే మీ తమ్ముడు అన్నాడు కదా, "ఊరి పెత్తనం నీకు పుట్టుకతోనే వచ్చుగా, మళ్ళీ దానికో డిగ్రీ ఎందుకే?" అని. అప్పుడు నువ్వే నా పక్కన నిలబడి, "చదువుకోనివ్వరా, నీ సొమ్మేం పోయింది?" అన్నావ్. కాబట్టి ఇప్పుడు నా ఏడుపు వినాల్సింది కూడా నువ్వే.

మా ప్రొఫెసరు గారి గురించి చెప్పాను కదూ? తెరమీద కనిపిస్తారు, ఆయన వెనక తలుపుకి ఒక తడి తువ్వాలు వేలాడుతూ ఉంటుంది. మూడు సెమిస్టర్లుగా అదే తువ్వాలు. పాతికమందిమి చూస్తాం. ఆయన చెప్పే ప్రజా భాగస్వామ్యం ఎవరికెంత ఎక్కిందో తెలీదు గానీ, ఆ తువ్వాలు మీద చారలెన్నో మాత్రం అందరం చెప్పగలం.

ఆయన ఈసారి ఇచ్చిన పని ఏమిటంటే, మన పేటలో ఒక మనిషి దగ్గర కూర్చోవాలి. గంటసేపు. వాళ్ళ పనేమిటి, వీధి ఎలా ఉంది, వాళ్ళ కష్టసుఖాలేమిటి, అడగాలి. అడిగి నోరు మూసుకోవాలి. అదీ షరతు. సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు, మధ్యలో మన సొద చెప్పుకోకూడదు. రికార్డు చేసి, తర్వాత అది వింటూ ఎవరు ఏమన్నారో అక్షరం పొల్లు పోకుండా టైపు చేసి పంపాలి. ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో పక్కన వెయ్యాలి.

ఇంత తేలిక పని ఉంటుందా అనుకున్నా. మనిషిని వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. ముప్పయ్యేళ్ళుగా ఈ ఒక్క గదిలో మిషన్ పెట్టుకుని, వీధిలో ప్రతివాళ్ళ నడుము కొలతా నోటికి చెప్పగలిగే టైలరమ్మ నా సొంత ఆడపడుచాయె!

అలా ఆదివారం వచ్చాను కదా. ఫోను ఆ బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని, "మీరు ఈ వృత్తిలోకి ఎలా వచ్చారు?" అన్నాను. మీరు అన్నానని నువ్వు పగలబడి నవ్వావ్. మరి ప్రశ్నల కాగితంలో అలాగే ఉంది వదినా! పెళ్ళైన కొత్తలో మీరు మీరు అంటుంటే కసిరి మానిపించావు. నీకు మర్యాద అచ్చిరాదు.

సరే, ప్రశ్న అడిగానా? ఆ తర్వాత ఏం జరిగిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఇప్పుడు మా ప్రొఫెసరు గారికీ తెలుసు. నువ్వు నోరు తెరిచే లోపే జవాబు నేనే చెప్పేశాను. "ఏముంది, వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకుంది, పదహారేళ్ళకే చొక్కా కుట్టింది" అని. ఎవరికి చెప్పాననుకున్నావ్? ఫోనుకి!

అది నా కిటికీ దగ్గర రోగం. వరసలో నలభై మంది నిలబడి ఉంటారు. ఒక్కొక్కళ్ళూ కథ మొదట్నుంచీ ఎత్తుకుంటారు. ఎవరికి ఆగుతుంది? వాళ్ళు "అమ్మా, మా ఆయన..." అనేసరికి నేను పెన్షన్ ఫారం చేతిలో పెట్టేస్తా. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే కరెక్టు. ఆ పదోసారి సంగతి ఇంతవరకూ ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పే లోపే "తర్వాతవాళ్ళు రండి" అనేస్తాను కదా.

ఇంతకీ లెక్క విను. మొత్తం అరవై రెండు నిమిషాలు. అందులో నా వంతు యాభై అయిదు.

ఊపిరి పీల్చుకో, పడతావ్. యాభై అయిదే! వంటింటి పంపు కారడం గురించి నాలుగు నిమిషాలు. మా కొత్త ఆఫీసరు గురించి తొమ్మిది. ఈ డిగ్రీ చదవడంలో నేను పడుతున్న కష్టం గురించి పద్నాలుగు. నాకు వస పోసినవాళ్ళెవరో గానీ గిన్నెడు పోసేశారు.

నీ వంతు నాలుగు నిమిషాలు. మిగతా మూడు నిమిషాలు నీ మిషన్ చప్పుడు. ఇంకాస్తైతే నీకూ మిషన్‌కీ సమానం అయ్యేది!

ప్రొఫెసరు గారు కింద రాశారు, "ఇందులో ఎవరు ఎవరిని ఇంటర్వ్యూ చేశారో దయచేసి తెలుపగలరు" అని. దయచేసి అట! తిట్టినా బాగుండేది. శనివారంలోగా మళ్ళీ చేసి పంపితే మార్కులు మారుస్తారట. అందుకే మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి వచ్చాను. ఇవాళ నేను నోరు మెదపను. ప్రామిస్.

నమ్మవా? అలా చూస్తావేం?

సరే, ముందు నీ నాలుగు నిమిషాల్లో ఏం చెప్పావో నువ్వే విను. కాగితం తెచ్చాను. కళ్ళజోడు... ఆఁ, ఉంది.

ఏడో నిమిషం. "అదేం లేదులే." ఇది నా ఆఫీసరు నా మీద కక్ష కట్టాడని నేనన్నదానికి. పదమూడో నిమిషం. "మంచినీళ్ళు తాగుతావా?" పాపం, ఎండిపోతున్నానని నీకే తోచింది, నాకు తోచలేదు.

పందొమ్మిదో నిమిషం.

నవ్వు ఆపావేం వదినా? గుర్తొచ్చిందా?

చదువుతున్నా. "ఈ మధ్య కుడి చెయ్యి పట్టు తప్పుతోంది అమ్మాయ్. కత్తెర జారిపోతోంది. సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతున్నా." ఇది నువ్వు. దీని కింద నేను. "అయ్యో, నాకైతే మోకాళ్ళు వదినా!"

తర్వాత పదకొండు నిమిషాలు మోకాళ్ళే. రెండు మోకాళ్ళకి పదకొండు నిమిషాలు. ఒక్కో మోకాలికి అయిదున్నర. మెట్లెక్కితే ఎక్కడ పట్టేస్తుందో, దిగితే ఎక్కడ పొడుస్తుందో, నూనె రాస్తే ఏమైందో, అన్నీ చెప్పాను. నువ్వు మర్యాదగా విన్నావ్. మధ్యలో ఒకసారి "పాపం" అని కూడా అన్నావ్. నాకు!

లేవకు. టీ వద్దు. కూర్చో.

ముప్ఫై మూడో నిమిషం. "ఆ యూనిఫారాలు వెనక్కి పంపేద్దామనుకుంటున్నా." ఇది నువ్వు. నేనేమో, "పంపెయ్, ఆసుపత్రి వాళ్ళతో ఎప్పుడూ తలనొప్పే" అని, మా క్లాసులో ఒక నర్సు ఉంది కదా, ఆవిడ డ్యూటీ బాధలు ఎత్తుకున్నాను. ఆరేళ్ళుగా ఆ ఆర్డరు నీది. ఇంకొకళ్ళకి పోతుందేమోనని జ్వరంలో కూడా కుట్టినదానివి. అలాంటిది ఎందుకు పంపేస్తున్నావని అడగలేదు.

యాభై ఎనిమిది. ఇది వినలేవు, అయినా చదువుతా. "షాపు మూసేస్తే నాకు పొద్దెలా పోతుందంటావ్?" నేను, "నాతో పాటు పీజీలో చేరు!" దాని పక్కన బ్రాకెట్లో 'నవ్వు' అని ఉంది. అలాగే రాయాలట, నవ్వితే నవ్వు అని, దగ్గితే దగ్గు అని. ఎవరి నవ్వు? నా ఒక్కదానిదే. నువ్వు నవ్వలేదు.

వదినా, ఇవాళ నేను ఇంటర్వ్యూకి రాలేదు. చూడు, ఫోను సంచీలోంచి తియ్యనేలేదు. ఈ మాటలు టైపు చేస్తూ చేస్తూ, ఆ పందొమ్మిదో నిమిషం దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి. గుండె ఆగినంత పనైంది. అందుకే వచ్చాను.

ఏం లేదా? ఏం లేకపోతే ఆ చెయ్యి గుడ్డ కింద ఎందుకు దాచావ్? నేనొచ్చినప్పటి నుంచీ చూస్తున్నా, గ్లాసు ఎడమ చేత్తో, గుడ్డ ఎడమ చేత్తో, చివరికి నన్ను కొట్టబోయింది కూడా ఎడమ చేత్తోనే.

ఇలా తే. తే అంటున్నానా, నేనేం కొరుక్కు తిననులే.

నా రెండు వేళ్ళు పట్టుకో. గట్టిగా. ఇంకా. ఇంకా గట్టిగా వదినా.

ఇదేనా గట్టిగా అంటే?

ఈ చేత్తోనే కదా నా పెద్దదాని స్కూలు గౌను ఒక్క పూటలో కుట్టావ్! ఈ చేత్తోనే కదా, మీ తమ్ముడు నా మీద అరిచిన రోజు వాడి నెత్తిన ఒక్కటి మొట్టావ్! వాడికి ఇప్పటికీ అక్కడ జుట్టు పల్చగానే ఉంది.

నవ్వావా? హమ్మయ్య. నవ్వు, నవ్వు. కానీ చెయ్యి వెనక్కి లాక్కోకు.

చెప్పను. మీ తమ్ముడికి చెప్పను. చెప్పనంటే చెప్పను, అలా గుడ్లురమకు. నా నోట్లో నువ్వుగింజ నానదని నీ భయం, తెలుసు. ఆ మాటకొస్తే నేను చెప్పడానికి ఎవరు మిగిలారు? వీధి వీధంతా తెలుసు.

ఇప్పుడు వస్తూ ఎదురింటి ఇస్త్రీ ఆవిడ దగ్గర ఆగాను. నా మనసాగక, "మా వదిన చేతికేమైనా అయిందా?" అని అడిగాను. ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నా వంక వింతగా చూసింది. "మీకు తెలుసనుకున్నానమ్మా" అంది. రోజూ పొద్దున్నే వచ్చి, పది సూదుల్లో దారాలు ఎక్కించి, నీ మెత్త దిండుకి గుచ్చి వెళుతోందట. తెల్లదారం అయిదు, నీలందారం అయిదు. రెండు నెలలుగా! గుండీలేమో ఆ చివరింటి పిల్ల కుడుతోందట. పాలవాడికి కూడా తెలుసట, నీ గేటు గడియ వాడే తీస్తున్నాడు కాబట్టి.

పాలవాడికి తెలుసు. నాకు తెలీదు. రెండు వీధుల అవతల ఉంటాను, వారానికి మూడుసార్లు వస్తాను, వచ్చి గంటసేపు వాగి పోతాను.

ఇంకో విచిత్రం చెప్పనా? పోయిన సెమిస్టరులో మన పేటకి ఒక పటం గీశాను. చార్టు అంత పెద్దది, గోడకి అంటించి నీకు చూపించాను కూడా. ఎవరికి ఏం అవసరమో వాళ్ళకి ఎర్ర చుక్క పెట్టాలి. ఎవరు నలుగురికి ఆసరాగా ఉంటారో వాళ్ళకి పచ్చ చుక్క. నీ షాపు మీద పచ్చ చుక్క పెట్టాను. అందరికంటే పెద్ద చుక్క. పద్దెనిమిది మార్కులొచ్చాయి. నువ్వు ఆ చుక్క చూసి, "నేనింత లావా?" అన్నావ్. అంతే అన్నావ్. నీ పక్కన ఒక్క ఎర్ర చుక్క పెట్టాలని నాకెందుకు తట్టలేదు?

మూడు నిమిషాల మిషన్ సంగతి చూడు. నేను జోకులేశాను కదా, నీకూ మిషన్‌కీ సమానం అని. నీ మిషన్ గంటలో మూడు నిమిషాలే ఆడిందంటే అది జోకా? నీ మిషన్ చప్పుడు లేకపోతే ఈ వీధికి తెల్లారినట్టుండదు. ఎదురుగా కూర్చున్నదాన్ని, అది ఆగిపోయి ఉందని నాకు తెలియలేదు. ఖాళీ దొరికిందని ఆ చోటులో కూడా నేనే మాట్లాడాను.

రేపు పొద్దున తొమ్మిదింటికి మనం డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. నరాల డాక్టరు. మా ఆఫీసు పక్కనే, పేరు నేను రాయిస్తా, ముందే వెళ్ళి వరసలో నించుంటా, నువ్వు వచ్చి కూర్చుంటే చాలు. ఇదేదో మెడ దగ్గర నరం నొక్కుకుపోవడం అయి ఉంటుంది, మా ఆఫీసులో ఒకాయనకి అచ్చం ఇలాగే...

చూశావా? మళ్ళీ మొదలెట్టాను. నువ్వు ఏదో అనబోయావ్, నీ పెదవి కదిలింది, నేను చూశాను. చూస్తూ చూస్తూనే ఫారం చేతిలో పెట్టేశాను.

ఆగు. నువ్వు మాట్లాడే ముందు ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పకుండా లేచిపోదామనుకున్నా. నీ చెయ్యి ఇలా పట్టుకుని ఉంటే దాచబుద్ధి కావడం లేదు.

ఇందాక నీకు అబద్ధం చెప్పాను వదినా. నా వేళ్ళు ఆగిపోయాయన్నానే, ఆగలేదు.

సోమవారం మధ్యాహ్నం, అన్నం తినేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని టైపు చేశాను. ఆ మాట దగ్గర నీ గొంతు బాగా చిన్నగా ఉంది. ఒక్క అక్షరం తప్పు పోకూడదు కదా, అందుకని నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. నాలుగుసార్లు! "కుడి చెయ్యి పట్టు తప్పుతోంది" అని నా చేత్తో నేనే కొట్టాను. చివర చుక్క పెట్టాను. తర్వాతి లైనుకి వెళ్ళిపోయాను. గుండె ఆగలేదు, ఏమీ ఆగలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి హాయిగా టీ తాగాను. మంగళవారం పంపించేసి, పని అయిపోయిందని సంబరపడ్డాను.

ఇవాళ మార్కులొచ్చాయి. దయచేసి తెలుపగలరు అన్న దాని కింద ఇంకొక లైను ఉంది. అది నీకు చదవలేదు. "పందొమ్మిదో నిమిషంలో ఆవిడ తన చెయ్యి గురించి చెప్పారు. ఆ తర్వాతైనా ఎవరైనా అడిగారా? ఇప్పుడు ఎలా ఉంది?"

నీ ముక్కూ మొహం తెలియని మనిషి. నిన్ను చూడలేదు, నీ గొంతు వినలేదు, కాగితం మీద నాలుగు నిమిషాలు చదివాడు. నీ చెయ్యి ఎలా ఉందని అడిగాడు. అది చదివాక వచ్చాను నేను. ఆయన అడక్కపోతే ఇవాళ వచ్చి, ఆరు మార్కుల ఏడుపు ఏడ్చి, నీ చేత ఓదార్పించుకుని, టీ పెట్టించుకుని తాగి పోయేదాన్ని. నీ చేత్తోనే పెట్టించుకునేదాన్ని.

పాతికేళ్ళుగా నీ మరదల్ని. నాకై నాకు తట్టలేదు. అదీ నా బతుకు. సిగ్గుగా ఉంది వదినా.

ఛ, నువ్వెందుకు నా కళ్ళు తుడుస్తావ్? అదీ ఆ చేత్తో.

వద్దు, నన్ను ఓదార్చకు. చెప్పు. ఎప్పటి నుంచి?

ఊఁ.

ఊఁ.

...

ఊఁ.